నాలుగు వేళ్ళ వదులు

దుబొకి పొతొక్
సెప్టెంబరు ఆఖరి ఆదివారం

తిహొమిర్ మామయ్యకి,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వేడినీళ్ళ తొట్టెలో బుద్ధిగా మునుగుతున్నావా, నర్సుల కళ్ళుగప్పి తాగడానికి కఫానా దారి పడుతున్నావా? ఇది అమ్మ అడగమన్న ప్రశ్న. ఇక నా ప్రశ్న.

నీ కారు సంగతి. నీ కారు అనకూడదు, మన కారు. వేడినీళ్ళ వైద్యానికి బాన్యాకి వెళ్ళేముందు తాళంచెవి తెచ్చి గ్రామసభ బల్ల మీద పెట్టి, "ఇది ఇక ఊరిది. యగొద నడుపుతుంది. ఎడమ కిటికీ గట్టిగా తిప్పకండి, పిడి ఊడి చేతికొస్తుంది" అని మూడు ముక్కలు చెప్పి వెళ్ళిపోయావు. సొంత ఆస్తి ఉమ్మడి ఆస్తి కావడం గురించి నా నీలం అట్ట కరపత్రంలో పేజీలకు పేజీలు ఉంది. అదంతా మా మామ ఒక్క నిమిషంలో చేసి చూపించాడని ఇప్పటికీ కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాను.

ప్రతి గురువారం నర్సు దెసంకని ఎక్కించుకుని కొండ మీద విసొకాకి వెళ్తున్నాను. పసిపిల్లలకి సూదులు, ముసలివాళ్ళకి మందులు, మన రూజక్కకి పరీక్ష. అక్కకి కొత్త సంవత్సరం నాటికి కాన్పు కావచ్చట. కాళ్ళు బాగా వాచాయి. రక్తపోటు ఏ వారం మానకుండా చూడాల్సిందేనని దెసంక పట్టుబడుతోంది. బావని అడిగితే "మా అమ్మకీ వాచేవి" అంటాడు. అతనికి నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను.

అలాంటి కారుకి స్టీరింగ్ వదులైపోయింది. చక్రాన్ని ఇటు నాలుగు వేళ్ళ మేర తిప్పినా ముందు టైర్లకి కబురు అందదు. అటు తిప్పితే మళ్ళీ నాలుగు వేళ్ళు. తిన్నగా ఉన్న రోడ్డు మీద కూడా రకియా తాగినవాడిలా ఊగుతూ పోతోంది. నవంబరు మొదట్లో పట్నం నుంచి తనిఖీవాళ్ళు వస్తారు. ఇలాగే ఉంటే నంబరు పలకలు ఊడదీసుకుని పోతారు. ఇంకో కారు ఇవ్వరు. మంచు పడ్డాక సంచీ భుజాన వేసుకుని విసొకాకి నడిచి ఎక్కగల నర్సు ఇంకా పుట్టలేదు. అంటే వసంతం దాకా అక్కని చూసే దిక్కుండదు.

అందుకని సభ పెట్టాను. ఉమ్మడి వస్తువు చెడితే దోషం ఎక్కడుందో ఉమ్మడిగా తేల్చాలి కదా. తేనెటీగల తాత లేచి టైర్లలో గాలి లేదన్నాడు. మేష్టారు పుస్తకం తెచ్చి బొమ్మ చూపించి, చక్రం కింద కడ్డీ పోయి చేరే స్టీరింగ్ బాక్సులోనే అరుగుదల ఉంటుందని, దాని నెత్తిన ఉన్న స్క్రూ బిగిస్తే సరిపోతుందని చదివి వినిపించారు. ఓటింగు పెట్టాం. బాక్సుకి బ్రహ్మాండమైన మెజారిటీ వచ్చింది!

చెయ్యి ఎత్తనివాడు ఒక్కడే. రంపపు మిల్లులో వెల్డింగ్ చేసే రాదెంకొ. గోడకి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, "కామ్రేడ్ కార్యదర్శీ, ఇన్ని చేతులు పైకి లేచాయి కదా, ఒక్కటైనా కారు కిందికి వెళ్ళొచ్చిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అదే రాత్రి వాడి మీద ఒక వ్యాసం రాసి ఊరి గోడపత్రికలో అంటించాను. పేరు 'సామూహిక నిర్ణయాన్ని ఎగతాళి చేసే ప్రగతి నిరోధకుడు'. బాగా వచ్చింది. నీకో కాపీ పంపుతాను.

నీ అనుమతి అడగడం లేదు. ఆ స్క్రూకి ఏ సైజు పానా పడుతుందో మాత్రం చెప్పు.

నీ యగొద

*

లిపొవా బాన్యా
రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
అక్టోబరు, మొదటి శనివారం

ఒసే యగొదా,

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని కంగారుపడకు, నావి కావు. పక్క మంచం మీద అర్సెనియె గారని రిటైరైన జడ్జి ఉన్నాడు. జీవితమంతా తీర్పులు రాసిన చెయ్యి, ఇప్పుడు రాయడానికి ఏమీ లేక దురద పెడుతోందట. నేను చెబుతుంటే ఆయన రాస్తున్నాడు. నాకు బద్ధకం, ఆయనకి కాలక్షేపం.

మోకాళ్ళు బాగున్నాయని అమ్మకి చెప్పు. ఇక్కడి వైద్యం విచిత్రం. పొద్దున్నే ఒక పిల్ల వచ్చి రబ్బరు బంతి నొక్కమంటుంది. మోకాళ్ళకి రబ్బరు బంతేమిటని అడిగితే నవ్వుతుంది. (జడ్జి ఇక్కడ దగ్గాడు. ఆయనకి జలుబు.)

ఇక విను. స్టీరింగ్ మీద ఓటు వేశారా? (ఇక్కడ మీ మామయ్య అన్న మాట రాయడానికి నా కలం ఒప్పుకోలేదు. — అర్సెనియె)

పానా సైజు చెప్పను. ఆ స్క్రూ ముట్టుకోకు. ఎందుకో చెబుతాను, కోపం పక్కన పెట్టి చదువు.

నీ చేతిలోని చక్రానికీ నేల మీద టైరుకీ మధ్య చాలా కీళ్ళున్నాయి. మన మోచేయి, మణికట్టు లాగే. కడ్డీ, బాక్సు, బాక్సు నుంచి బయటికొచ్చే చేయి, అవతలి వైపు దానికి జోడీగా ఐడ్లర్ ఆర్మ్, మధ్యలో రాడ్లు, రాడ్ల చివర ఎండ్లు. ఒక్కొక్కటి వెంట్రుక వాసి అరిగితే చాలు, అన్నీ కలిసి నీ చేతి దగ్గరికి వచ్చేసరికి నాలుగు వేళ్ళవుతాయి. లేదా ఒక్కటే బాగా అరిగి ఉండొచ్చు. పైనుంచి చూసి ఎవడూ చెప్పలేడు, మేష్టారు కూడా.

చెప్పే పద్ధతి ఒకటే. ఇంజను ఆపు. టైర్లు తిన్నగా, నేల మీదే ఉండాలి. ఒకరు సీట్లో కూర్చుని చక్రాన్ని ఇటూ అటూ కొంచెం కొంచెం ఊపాలి. టైరు కదిలేంత వద్దు, కదలబోయేంత. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో కీలు మీద అరచెయ్యి వేసి ఉంచాలి. చెడ్డ కీలు దగ్గర ఇవతలి ముక్క ముందు కదులుతుంది, అవతలి ముక్క ఆలస్యంగా కదులుతుంది. ఆ ఆలస్యం చేతికి టక్కుమని తగులుతుంది. కంటికి కనిపించదు. చేతికే తెలుస్తుంది. ఇద్దరు కావాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదిది.

నన్నడిగితే అది ఐడ్లర్ ఆర్మ్. పందెం కాస్తాను. దాని కీలులోని బుష్ నేనే మార్చాను, అప్పుడు దొరికింది నాసిరకం. వెళ్ళి పట్టుకు చూడు, నా పేరు తలుచుకుంటావు.

ఆ గోడమీది కాగితం చింపెయ్.

తిహొమిర్ మామ

*

దుబొకి పొతొక్
అక్టోబరు, బుధవారం సాయంత్రం

మామయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. సభ నిర్ణయం అమలు చేయడానికి టపాబండి కోసం ఎదురుచూడటం నా వల్ల కాలేదు. నిన్న పొద్దున్న నేనే చేసేశాను!

పానా మేష్టారి సైకిలు సామాను పెట్టెలో దొరికింది. నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పి, మళ్ళీ నట్టు బిగించాను. ఎర్రమిరపకాయలు కాల్చే రోజులు కదా, వీధివీధంతా పొయ్యిలు పెట్టుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళందరూ గరిటెలు పట్టుకుని వచ్చి నా చుట్టూ మూగారు. "స్టీరింగ్‌కి ఆడపిల్ల చెయ్యి తగిలింది, ఇక దారిలో పడుతుంది" అంది తేనెటీగల అవ్వ. నూనె చేతుల్తోనే అందరికీ దండం పెట్టాను.

మిల్లుదాకా వెళ్ళొచ్చాను. నాలుగు వేళ్ళ వదులు మూడుకి వచ్చింది. అంతకంటే గొప్ప సంగతి ఇంకోటి. ఇదివరకు మలుపు తిరిగాక చక్రం దానంతట అదే జారిపోతూ వెనక్కి వచ్చేసేది. ఇప్పుడు నేను ఎక్కడ పెడితే అక్కడ నిలబడుతోంది! వెనక్కి తేవాలంటే నేనే లాగాలి. కొంచెం భుజాలు నొప్పెట్టాయి, అయినా ఇదీ క్రమశిక్షణ అంటే. చక్రం ఇప్పుడు నా మాట వింటోంది.

మిగిలిన ఆ కాస్త వదులు కూడా వచ్చే సభ తర్వాత ఇంకో అర చుట్టు బిగించి తీసేస్తాను.

రాదెంకొ మిల్లు గేటు దగ్గర నిలబడి చూశాడు. నేను కిటికీ దింపి, "ఏం, ఇప్పుడేమంటావ్?" అన్నాను. వాడు నోట్లో గింజ నమలడం మానేశాడు. ఓడిపోయినవాడి మొహం అలాగే ఉంటుంది.

పిడి ఊడి చేతికొచ్చింది, నువ్వు చెప్పినట్టే. ఎడమ కిటికీది. దానికి ఓటింగు అక్కర్లేదులే.

రేపు గురువారం. అక్కకి అమ్మ వాల్‌నట్ రొట్టె చేసింది, తీసుకెళ్తున్నాను.

యగొద

*

టెలిగ్రాం

లిపొవా బాన్యా నుంచి
యగొదకి, దుబొకి పొతొక్

కారు కదపకు. స్క్రూ విప్పు, ఉన్నచోటికి తే. అర చుట్టు మాట ఎత్తావంటే చెవులు మెలేస్తా. బతికున్నట్టు జవాబు రాయి. మామ.

*

దుబొకి పొతొక్
అక్టోబరు, ఆదివారం

మామయ్యా,

బతికే ఉన్నాను. ముందు నా కోపం విను, తర్వాత మిగతాది.

నీ టెలిగ్రాంని పోస్టుమాస్టరు నా చేతికి ఇవ్వలేదు. కఫానాలో బల్ల ఎక్కి చదివి వినిపించాడు, ఎవరో పోయారేమోనని భయపడ్డాడట. "చెవులు మెలేస్తా" దగ్గర ఆగి మళ్ళీ చదివాడు. ఇప్పుడు సందులో పిల్లలు నన్ను చూడగానే చెవులు పట్టుకుంటున్నారు. నేను యువజన సంఘం కార్యదర్శిని, మామయ్యా! నా మాటకి ఊళ్ళో ఒక విలువ ఉంది. ఉండేది.

నీ మొదటి ఉత్తరం ఏ సంచీలో నిద్రపోయిందో, టెలిగ్రాంతో పాటే వచ్చింది. రెండూ శనివారం చేరాయి. గురువారం అప్పటికే అయిపోయింది.

ఇక మిగతాది.

ఎక్కేటప్పుడు బాగానే ఉంది. అక్కని చూశాం, రొట్టె ఇచ్చాం. రక్తపోటు పెరిగింది, వచ్చేవారం తప్పకుండా రావాలని దెసంక రాసుకుంది. దిగేటప్పుడు పాత పిండిమర పైన మలుపు నీకు తెలుసు కదా, కుడివైపు తిరుగుతూ ఉన్నట్టుండి రోడ్డు తిన్నగా అయిపోతుంది, ఎదురుగా రాతిగట్టు, ఆ పక్కనే లోయ. కుడికి తిప్పాను. తిరిగింది. వదిలాను. చక్రం అక్కడే ఉండిపోయింది. నేను పెట్టిన చోటే, నా మాట విని. తిన్నగా రావాల్సిన కారు కుడికే పోతోంది, ఆ కుడివైపు దెసంక, దెసంక పక్కన లోయ. రెండు చేతులా వేలాడి లాగాను. బ్రేకు తొక్కాను. రోడ్డు పనివాళ్ళు పోసి వెళ్ళిన కంకర కుప్పలో ముందు టైరు దిగబడి ఆగింది. ఆ కుప్ప అక్కడ ఉండాలని ఎవరూ ఓటు వేయలేదు.

దెసంక ఒళ్ళో మందుల పెట్టె రెండు చేతులా గుండెకి హత్తుకుని ఉంది. పెట్టె మూత తీసి సీసాలు చూసుకుని, "ఆ సభ ఎప్పుడు జరిగింది?" అని అడిగింది.

"శుక్రవారం" అన్నాను.

"శుక్రవారం నేను లోయ అవతలి ఊళ్ళలో డ్యూటీలో ఉంటాను. ఈ కార్లో వారం వారం కూర్చునేది నేను. మీ ఓటింగులో నా ఓటు ఎక్కడుంది యగొదా?"

మామయ్యా, నా నీలం అట్ట కరపత్రం మొదటి పేజీలోనే ఉంది: ఏ నిర్ణయం ఎవరి మీద పడుతుందో ఆ నిర్ణయం వాళ్ళదే కావాలి. దాని కింద నేనే ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు గీశాను. దిగి కంకర తవ్వాను.

స్క్రూ విప్పి పాతచోటికి తెచ్చాను. మళ్ళీ నాలుగు వేళ్ళు. కారు మా కొట్టంలో ఉంది. ఈ గురువారం దెసంక గుర్రబ్బండి మీద వెళ్తానంది. మంచు పడితే బండి కూడా ఎక్కదు.

నువ్వు చెప్పిన పరీక్ష చేద్దామని చూశాను. సంఘం నుంచి ముగ్గురు వచ్చారు. ఒకడు ఊపాడు, ఒకడు కింద పడుకున్నాడు, మూడోవాడు ఫలితాలు రాసుకుంటానన్నాడు. కిందవాడు ప్రతి కీలు దగ్గరా "నువ్వేమనుకుంటున్నావ్ యగొదా?" అని నన్నే అడిగాడు. నేను ఏదంటే అది అంటున్నాడు! చివరికి నేనే కింద పడుకుని చూశాను. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బొమ్మ గీసి పంపు. కఫానా బల్లగుడ్డ మీద పిస్టన్లు గీసేవాడివి, అలా.

యగొద

*

లిపొవా బాన్యా
అక్టోబరు, మూడో వారం

యగొదా,

తిట్టను. తిట్లన్నీ టెలిగ్రాంలో అయిపోయాయి.

అసలేం జరిగిందో చెబుతాను, నీకు తెలియాలి. కారు ఎక్కువ కాలం తిన్నగానే పోతుంది. అందుకని బాక్సు లోపలి పళ్ళు నడిమధ్యలో అరుగుతాయి. పూర్తిగా పక్కకి తిప్పినప్పుడు ఆనే పళ్ళు కొత్తవాటిలాగే ఉంటాయి. నువ్వు మధ్యలో వదులు పోవాలని స్క్రూ బిగించావు. మధ్య కాస్త సర్దుకుంది. పక్కలు బిగుసుకుపోయాయి. మలుపు తిరిగాక చక్రం వదిలేస్తే తనంతట తను తిన్నగా రావాలి. అది కారు తన దారి తను చూసుకోవడం. నువ్వు దాన్ని జారిపోవడం అన్నావు. నువ్వు ఉత్తరంలో గొప్పగా రాసింది చదివి నాకు చెమటలు పోశాయి. (నిజమే. నర్సుని పిలవాల్సి వచ్చింది. — అ.)

కంకర కుప్ప దగ్గర ఏం జరిగిందో దాచకుండా రాశావు. నీ మీద నాకు నమ్మకం తగ్గలేదు. నీ బుర్ర వేడిదే కాని, మంచిదే.

ఆ ముగ్గురి వల్ల కాదు. చక్రం ఊపేవాడు ఎవడైనా ఫరవాలేదు. కింద చెయ్యి పెట్టేవాడు మాత్రం నీకు నచ్చేది చెప్పేవాడు కాకూడదు. తగిలితే తగిలిందని, తగలకపోతే లేదని, నీ మొహం చూడకుండా చెప్పాలి. దుబొకి పొతొక్‌లో నీ మొహం చూడకుండా మాట్లాడేవాడు ఒక్కడే ఉన్నాడు. వాడి మీద నువ్వు గోడకి వ్యాసం అంటించావు. వెళ్ళి అడుగు. మిల్లులో లారీల కింద దూరడానికి తవ్విన గొయ్యి కూడా వాడి దగ్గరే ఉంది.

బొమ్మ పెట్టాను, చూసుకో. ఐడ్లర్ దగ్గర గుర్తు ఉంది. అక్కడే ఉంది రోగం, నేను చెబుతున్నాను.

మామ

(తా.క. బొమ్మ నేను గీశాను. నాకు అలవాటు లేదు. మన్నించాలి. — అర్సెనియె)

*

దుబొకి పొతొక్
నవంబరు, రెండో శుక్రవారం

మామయ్యా,

ఓడిపోయావు! మేమందరం ఓడిపోయాం. కూర్చుని తీరిగ్గా చదువు.

రాదెంకొ దగ్గరికి వెళ్ళాను. మూడు రోజులు వెళ్ళాలా వద్దా అని తిరిగి, నాలుగోరోజు దెసంక గుర్రబ్బండిలోంచి దిగుతుంటే చలికి నీలంగా మారిన ఆమె చేతులు చూసి వెళ్ళాను. వాడు వెల్డింగు అద్దం పైకెత్తి, "ఏం కామ్రేడ్, వ్యాసానికి రెండో భాగమా?" అన్నాడు.

"కారు కింద దూరాలి. నువ్వే దూరాలి" అన్నాను.

"దూరతాను. ఒక షరతు. ఆ కాగితం పట్టుకురా."

"చింపేయమంటావా?"

"ఎందుకు చింపడం? నేను గోతిలో దిగి పని చేస్తుంటే పైన కూర్చుని చదివి వినిపించు. నా మీద ఇంతవరకూ ఎవరూ ఏమీ రాయలేదు."

అలాగే చేశాం, ఏం చేస్తాను. కారు గోతి మీద నిలబెట్టాం. సీట్లో నేను. ఒళ్ళో కాగితం, చేతుల్లో చక్రం. మొదటి పేరా చదివాను, చక్రం ఊపాను. కింద నుంచి కేక: "మెల్లగా ఊపు తల్లీ! ఉపన్యాసం ఇస్తున్నట్టు కాదు. పాపని ఊయల్లో ఊపుతున్నట్టు."

ఊపాను.

"కుడి ఎండ్ బాగుంది. ఎడమ ఎండ్... ఇదీ బాగుంది. ఛ."

"ఏమైంది?"

"నేను ఎండ్ అనుకున్నాను. నా ఓటు గల్లంతు."

"ఐడ్లర్ చూడు. మామయ్య పందెం కాశాడు."

"పట్టుకునే ఉన్నా. బండరాయిలా ఉంది. మీ మామ ఓటూ పోయింది. చదువు, చదువు, 'పొద్దుతిరుగుడు గింజలు నమిలే ఉదాసీనత' దగ్గర ఆపావ్."

"అయితే బాక్సే! సభే గెలిచింది!"

"ఊరేగింపు తర్వాత పెట్టుకుందువుగాని. ఊపు. ఇంకోసారి." మళ్ళీ ఊపాను. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు. "అమ్మాయ్. బాక్సు లోపల కాదు. నువ్వు ఊపుతుంటే బాక్సుకి బాక్సే నాకు నమస్కారం పెడుతోంది."

నేను దిగి గోతి అంచున వంగాను. "నిజమా?"

"నా మాట ఎందుకు నమ్ముతావ్? రా, నీ చెయ్యి పెట్టు. నేను పైకెళ్ళి ఊపుతా."

గోతిలో దిగాను. బాక్సుని చాసిస్‌కి బిగించిన బోల్టుల దగ్గర, సగం బాక్సు మీద, సగం చాసిస్ చట్రం మీద అరచెయ్యి వేశాను. వాడు ఊపాడు. మామయ్యా, తగిలింది! నువ్వు చెప్పినట్టే, ముందు ఇది, ఆలస్యంగా అది. లోపల ఎవరో తలుపు తట్టినట్టు. లైటు దగ్గరికి తెచ్చి చూస్తే బోల్టుల చుట్టూ రంగు కోడిగుడ్డు పెంకులా పగిలి, ఆ పగుళ్ళలోంచి ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంది. కంటికి కనిపించదన్నావు కాని, చేతికి తెలిశాక కంటికీ కనిపించింది. రెండు బోల్టులు వేలితో తిరుగుతున్నాయి. మూడోదాని చుట్టూ చట్రం రేకే చిరిగింది. నేను స్క్రూ మీద చూపించిన ప్రతాపం అంతా ఆ ఒక్క చిరుగు మీద పడింది. ఇంకో గురువారం వెళ్ళి ఉంటే బాక్సు ఊడి నా ఒళ్ళోకి వచ్చేది.

చాలాసేపు గోతిలోనే కూర్చున్నాను. రాదెంకొ గింజల పొట్లం కిందికి అందించాడు.

ఆ వారమంతా పని. చిరిగినచోట శుభ్రం చేసి మందపాటి పలక వేసి వెల్డింగ్ చేశాడు. బోల్టులు కొత్తవి వేశాం. తర్వాత ముందు టైర్లు పైకెత్తి, చక్రం ఈ కొస నుంచి ఆ కొసకి ఎక్కడా పట్టేయకుండా తిరిగేలా స్క్రూ సర్దాం. ఇప్పుడు వదులు ఒక వేలు. తనిఖీకి వచ్చినాయన చక్రం పట్టుకుని ఊపాడు, గొయ్యిలో దిగి చూశాడు, "ఈ వెల్డింగ్ ఎవరు చేశారు?" అన్నాడు. "గ్రామసభ" అన్నాను. రాదెంకొకి పొలమారింది. కాగితం మీద ముద్ర పడింది.

సభ మళ్ళీ పెట్టాను, ఈసారి దెసంకకి వీలయిన రోజున. ఓటింగు మానేయాలని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను కూడా. సభ తప్పు కాదు, అడిగిన ప్రశ్న తప్పు. ఏది చెడిందో చేతులెత్తి తేల్చలేం, అది చెయ్యి పెట్టి చూడాలి. ఎవరు కింద దూరాలి, ఎవరు పక్కన ఉండాలి, బాగు కాకుండా కారు కదలకూడదని అనే హక్కు ఎవరిది, ఇవి మాత్రం మనం తేల్చుకోవాల్సినవే. ఆ ఆఖరి హక్కు కార్లో కూర్చునేవాళ్ళదని తీర్మానం పెట్టాను. అందరికంటే ముందు లేచిన చెయ్యి దెసంకది. ఆ తర్వాత లేచింది గోడకి ఆనుకున్నవాడిది. గోడపత్రికలో వ్యాసం ఇంకా ఉంది. అడుగున రాదెంకొ బొగ్గుతో 'ఫలితం: బోల్టులు' అని రాశాడు.

నిన్న గురువారం మొదటి మంచు పడింది. పిండిమర పైన మలుపు దగ్గర కుడికి తిప్పి, చేతులు కొంచెం వదులు చేశాను. చక్రం నా అరచేతుల్లోంచి జారుతూ తనంతట తను తిన్నగా వచ్చింది. దెసంక కిటికీలోంచి లోయ చూస్తూ వాల్‌నట్ రొట్టె తింటోంది, అక్కకి పంపిన దాంట్లోంచే. అక్క బాగుంది. రక్తపోటు కాస్త దిగింది. పట్నం ఆసుపత్రిలో కాన్పుకి బావ ఒప్పుకున్నాడు. ఎలా ఒప్పుకున్నాడో దెసంకకీ నాకూ తెలుసు.

ఇక ఒక్క మాట.

నువ్వు పంపిన బొమ్మ తీసి మళ్ళీ చూశాను. అది కోడిలా ఉంది. రాదెంకొ కూడా కోడే అన్నాడు. కఫానా బల్లగుడ్డ మీద పిస్టన్లు గీసేవాడివి, నాకు ప్రమాదం అని చెమటలు పట్టినవాడివి, బొమ్మ మాత్రం జడ్జి గారికి వదిలేశావు. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుందని నువ్వే నేర్పావు. ఇవతల తిప్పుతాం, అవతల కదలదు, మధ్యలో ఎక్కడో తప్పిపోతుంది. ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు. మోకాళ్ళ నొప్పికి పెన్ను పట్టుకోలేకపోవడం ఏ కరపత్రంలోనూ లేదు మామయ్యా. రబ్బరు బంతి ఏ చేతికో కూడా అడగను.

అమ్మకి చెప్పలేదు. నువ్వే చెప్పాలి. క్రిస్మస్‌కి నిన్ను తీసుకురావడానికి కారు వస్తుంది. దెసంక, రాదెంకొ, నేను ముగ్గురం చేతులెత్తాం. కార్లో కూర్చునేది నువ్వు కాబట్టి వద్దనే హక్కు నీకుంది.

యగొద

*

బాన్యా
నవంబరు

యగొదా,

ఇది నేనే రాస్తున్నాను. కుడిచేత్తో. జడ్జి కాగితం జారకుండా పట్టుకున్నాడు, అంతే. పొద్దున్న మొదలుపెట్టాను, ఇప్పుడు భోజనాల గంట కొట్టారు.

వేసవిలో ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే చెయ్యి మాట వినలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టింది అందుకే. ఉమ్మడి ఆస్తి కోసం కాదు. నువ్వు ఊరంతా చెప్పుకుంటుంటే కాదనలేకపోయాను. ఇప్పుడైతే అందుకే ఇస్తాను.

ఐడ్లర్ కాదా! నవ్వలేక చచ్చాను.

అమ్మకి రాస్తాను. వద్దనే హక్కు వాడుకోను. రండి.

కొత్త బోల్టులు మొదట్లో సర్దుకుంటాయి. బయల్దేరే ముందు మళ్ళీ ఒకసారి బిగించండి. చెయ్యి పెట్టి చూడండి. డాక్టరు నా గురించీ అదే అంటున్నాడు, మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలట.

కింద నేను గీసింది కోడి కాదు. బాక్సు.

మామ